విశాఖపట్టణ పురపాలనము : కర్తృత్వ విచారము

పురపాలనమనఁగానే మనకుఁ బన్నులు, వీధిదీపములు, మురుగుకాలువలు స్ఫురించును. ఇవి చరిత్రకారుల విచారమునకుఁ దగినవి కావని తలఁచువారును గలరు. రాజుల దండయాత్రలను, దేవాలయ దానములను బరిశీలించుటయందు మనవారు చూపిన శ్రద్ధలో నాల్గవపాలైనను బట్టణ సభల తీర్మానములయందుఁ జూపలేదు. అయినను ఒక యూర నివసించువాఁడు ఏ నీరు త్రాగవలెను, ఏ వీధిలో నిల్లు కట్టుకొనవలెను, వాని యింటి ప్రక్క నే కర్మాగారము లేవవలెను అను నంశములను నిర్ణయించునవి దండయాత్రలు కావు; తీర్మానములే.

ఈ వ్యాసమున విశాఖపట్టణ పురపాలక సంఘముయొక్క చరిత్రను మూఁడు క్రియల ననుసరించి విచారింపఁ దలఁచితిని. పట్టణాభివృద్ధి యొకటి, ఏ నేల యే పనికి వినియోగింపవలయు నను భూవిభాగము రెండవది, ఉద్యోగుల నియామకము మూఁడవది. క్రియయందు స్వతంత్రుఁడుగా వివక్షింపఁబడినవాఁడు కర్త యని పాణినీయ సిద్ధాంతము. ఆ కర్తను బ్రేరేపించువానికిఁ గర్త యనియు హేతు వనియు రెండు సంజ్ఞలు. "సంఘము తీర్మానించెను" అను వాక్యమునఁ గర్త సంఘమే యని ప్రథమావిభక్తి చెప్పుచున్నది. విభక్తి చెప్పినంతమాత్రమున స్వాతంత్ర్యము సిద్ధింపదు. విశాఖపట్టణమున నూటయఱువది యేండ్లకుఁ బైఁబడిన కాలములో ఈ మూఁడు క్రియలకు నిజమైన కర్త యెవరను నదియే యిచట విచార్యాంశము.

శాస్త్రములు, శాసనములు

పట్టణ పరిపాలనమునకు మన ప్రాచీనులు రెండు మార్గముల నెఱుఁగుదురు. మొదటిది రాజనియుక్తుని మార్గము. అర్థశాస్త్రమున రెండవ యధికరణమందు నాగరికుఁడను నధికారి చెప్పఁబడినాఁడు. వాని క్రింద పట్టణ చతుర్భాగమునకు స్థానికుఁడును, పది, యిరువది, నలువది కుటుంబములకు గోపుఁడును ఉందురు. వీథిలో దుమ్ము పోసినవానికిఁ బణమున నెనిమిదవ పాలును, బురదనీరు నిలువఁజేసినవానికి నాల్గవ పాలును దండము. రాజమార్గమున నీ తప్పులు చేసినచో దండము రెట్టింపు. ఆ గ్రంథముననే దుర్గనివేశ ప్రకరణము భూవిభాగమును విధించుచున్నది. సుగంధ మాల్య ధాన్య వర్తకులకుఁ దూర్పును, వండిన యన్నమును మద్యమును మాంసమును అమ్మువారికి దక్షిణమును, నూలు తోలు వెదురు పనివాండ్రకుఁ బశ్చిమమును, లోహకారులకును మణికారులకును ఉత్తరమును నిర్దేశింపఁబడినవి. నేఁడు జోను లని వ్యవహరింపఁబడు విభాగము క్రొత్త తలంపు కాదు. అయితే యీ విధుల కన్నింటికిఁ గర్త రాజు. నాగరికుఁడు వాని యుద్యోగి.

రెండవది సమూహమార్గము. ధర్మశాస్త్రములందలి సంవిద్వ్యతిక్రమ ప్రకరణము దీనికి మూలము. సమూహము చేసికొనిన సమయధర్మము స్వధర్మమునకు విరోధింపనంతవఱకు, రాజకృతధర్మమువలెనే రక్షింపఁదగిన దని యాజ్ఞవల్క్యుని మతము. సభ, చలిపందిరి, దేవగృహము, తటాకము, ఆరామము మొదలగువాని సంస్కారము సమూహము తనలోఁ దాను ఒడంబడి చేయఁదగిన పని యని బృహస్పతి చెప్పెను. ఉత్తరమేరూరునందలి మొదటి పరాంతకచోళుని కాలపు శాసనములు (919, 921) ఈ మార్గమున కుదాహరణములు. చెఱువును, తోఁటలను, బంగారమును జూచుటకు వేర్వేఱు వారియములు. పేరులు వ్రాసిన యోలలను గుండలో వేసి తీయించి సభ్యుల నెన్నుకొనుట. పదవి యొక సంవత్సరము. లెక్క చూపనివాఁడు మరల నర్హుఁడు కాఁడు.

మన తీరపట్టణములు రెండవ మార్గమున కపరిచితములు కావు. తెలుఁగు శాసనములందు నకరము పేరు పలుమాఱులు వినఁబడును. విశాఖపట్టణమునకుఁ గులోత్తుంగచోళపట్టణ మను నామాంతరము గలదని యచ్చటి ప్రాచీన శాసనములవలనఁ దెలియుచున్నది. అంజువణ్ణమను సముద్రవర్తక సంఘము పేరును వానియందుఁ గనఁబడుచున్నది. మోటుపల్లిలోఁ గాకతి గణపతిదేవుఁడు 1244 ప్రాంతమున వేయించిన యభయశాసనము పరదేశ వర్తకులపై విధింపఁదగిన సుంకమునకు మితి యేర్పఱిచినది. అనఁగా రాజు తన యధికారమునకుఁ దానే హద్దు గీచికొనెను. ఈ మూలములను మనస్సునందుంచుకొని యాధునిక చరిత్రమునకు వత్తము.

సంఘోత్పత్తి

మునిసిపాలిటి యను మాట లాటినునుండి వచ్చినది. మూనస్ అనఁగా విధి, భారము. కాపెరె యనఁగా గ్రహించుట. భారము వహించువారి సమూహమని యవయవార్థము. విశాఖపట్టణమున నీ యవయవార్థమే మొదట సార్థకమైనది.

విశాఖపట్టణ సంఘమునకు 1858 మొదలుకొని వయస్సు లెక్కించుట యాచారము. భీమునిపట్టణ సంఘమునకు 1861 మొదలుకొని. అప్పటికి అమలులో నున్నది 1850 సంవత్సరపు 26వ చట్టము. పురవాసులు తామై కోరినఁ గాని యది యే పట్టణమునకును వర్తింపదు. పేరునకైనను స్వేచ్ఛామూలకమైన వ్యవస్థ యది.

1865లో మదరాసు ప్రభుత్వము పట్టణాభివృద్ధికై 10వ చట్టమును జేసెను. అంతటితోఁ గోరికతోఁ బని లేకపోయెను. సభ్యులను గవర్నరు నియమించును. జిల్లాధికారులు సంఘమున నగ్రస్థానమందుందురు. ఇండ్లపన్ను, బండ్లపన్ను, సుంకములు మొదలగువానిచే వచ్చిన ధనమునుండి పట్టణమునందలి పోలీసు వ్యయములో మూఁడువంతులు సంఘమే యీయవలెను. పోలీసుబలముపై సంఘమునకు నధికారము లేదు. దాని జీతమునకు మాత్రము సంఘము బాధ్యురాలు. రోడ్లకును మురుగుకాలువలకును మిగిలినది శేషము. మూనస్ అను శబ్దమున కింతకంటె స్పష్టమైన వ్యాఖ్యానము దొరకదు.

1871 నాఁటి 3వ చట్టము విద్య, టీకాలు మున్నగు పనులను సంఘములకుఁ జేర్చి, ప్రభుత్వానుమతితోఁ బన్ను చెల్లించువారు కొందఱు సభ్యుల నెన్నుకొనుటకు మార్గము తెఱచెను. 1882 మే 18వ తేదిని రిప్పను ప్రభువు ప్రకటించిన తీర్మానమువలనను, దాని ననుసరించి వచ్చిన 1884 నాఁటి 4వ చట్టమువలనను ఎన్నిక విరివియయ్యెను. అధ్యక్షుఁడును ఎన్నికచే రాఁదగినవాఁడయ్యెను. స్వాతంత్ర్యము కొంత వచ్చెననుట న్యాయము. అయినను ఋణమునకు, పెద్ద యుద్యోగములకు, పన్నుల పెంపునకుఁ బ్రభుత్వానుమతి వలయు నను నియమము తొలఁగలేదు.

చిత్తడినేల, రేవు

1901 లెక్కలలో విశాఖపట్టణ జనసంఖ్య 40,892. ఒకవైపు సముద్రము, వెనుకవైపు ఆటుపోటులచే నిండుచుఁ దీయుచు నుండు విశాలమైన చిత్తడినేల. నడుమ పాతపట్టణము ఇఱుకుగా నుండెను. ఉత్తరమున నెత్తయిన వాల్తేరు. దొరల యిండ్లు అక్కడ, కోటవీథి, జాలరిపేట మొదలగు దేశీయుల వాడలు ఇక్కడ. ఈ భూవిభాగము నే సంఘమును దీర్మానింపలేదు. గాలి, యెత్తు, అధికారము కలిసి చేసిన విభాగమది. సంఘము దానిని స్వీకరించి దీపములు పెట్టెను. కార్మైకేలు 1869లోఁ బ్రకటించిన జిల్లా మాన్యువలును, ఫ్రాన్సిసు 1907లోఁ బ్రకటించిన గెజిటీరును జదివినవారికి నాఁటి పట్టణస్వరూపము తెలియును.

ఆ దినములలో నభివృద్ధి యనఁగా దాతృత్వము. పట్టణమందిరము బొబ్బిలి సంస్థానాధీశుల దానము. మార్కెట్టు కురుపామువారి పేర నిలిచినది. కళాశాలకు అంకితము వేంకటనరసింగరావుగారి పేరు. నీటికై ముడసర్లోవ జలాశయ మేర్పడుట సంఘకార్యములలో ముఖ్యమైనది. నీరు, వెలుతురు, చెత్త యను నీ మూఁటియందే సంఘము కర్తగాఁ గనఁబడుచున్నది.

1920లో మదరాసు రాజధానియందు రెండు చట్టములు వచ్చెను. 5వది జిల్లా మునిసిపాలిటీల చట్టము. 7వది పట్టణనిర్మాణ చట్టము. ఈ రెండవ దాని ననుసరించి, ఏ భాగమున వీథులు తీయవలెను, ఏ భాగమున నిండ్లు కట్టవలెను అను పథకములను సంఘమే రచించి ప్రభుత్వాంగీకారము పొందవచ్చును. భూవిభాగాధికారము సంఘము చేతికిఁ జిక్కినది యీ సమయమున. విధివశమున నప్పుడే విశాఖపట్టణ భవిష్యత్తు సంఘపు హద్దులు దాఁటిపోయెను. చిత్తడినేలను ద్రవ్వి నౌకాశ్రయము నిర్మించుటకు ప్రభుత్వము పూనుకొనెను. ఆ పనిని బెంగాలు నాగపూరు రైల్వేసంస్థ నడపెను. 1933 డిసెంబరు 19వ తేదిని వైస్రాయి విల్లింగ్డను ప్రభువు రేవునకుఁ బ్రారంభోత్సవము చేసెను.

ఆ 1933వ సంవత్సరముననే మదరాసు శాసనసభ మునిసిపాలిటీల చట్టమును సవరించి, కార్యనిర్వహణాధికారమును అధ్యక్షునినుండి తప్పించి ప్రభుత్వము నియమించు కమీషనరున కొసఁగుటకు మార్గ మేర్పఱిచెను. ఒక్క యేఁటనే పట్టణమున కెల్ల గొప్పదైన యభివృద్ధి సంఘమునకు వెలుపల సిద్ధించెను. సంఘములోపలి యుద్యోగులకు యజమాని వెలుపలినుండి వచ్చుటకును దారి తెఱవఁబడెను. ఈ రెంటికిఁ గార్యకారణసంబంధము లేదు. కాని చరిత్రకారుఁడు విశాఖపట్టణ పురపాలనమున నొక మలుపును గుర్తింపఁగోరినచో నీ సంవత్సరమును విడువరాదు.

కర్మాగారముల కాలము

తరువాతి కథ త్వరగాఁ జెప్పవచ్చును. 1941 జూను 21న బాబూ రాజేంద్రప్రసాదుగారు సింధియా నౌకానిర్మాణశాలకు శంకుస్థాపన చేసిరి; 1948 మార్చి 14న జవహర్లాలు నెహ్రూగారు "జలఉష" నౌకను నీటికి విడిచిరి. 1957లోఁ గాల్టెక్సు నూనెశుద్ధి కర్మాగారము, 1961లో హిందూస్థాను పాలిమర్సు, 1967లోఁ గోరమాండలు ఎరువుల కర్మాగారము వచ్చెను. 1968లోఁ దూర్పు నౌకాదళ విభాగ మేర్పడెను. ఉక్కు కర్మాగారమునకై 1966లో నాంధ్రదేశమంతట నాందోళనము చెలరేఁగి కొందఱు ప్రాణములు గోల్పోయిరి, 1970 ఏప్రిలు 17న ఇందిరాగాంధిగారు పార్లమెంటులో నిర్ణయము ప్రకటించి, 1971 జనవరి 20న శంకుస్థాపన చేసిరి, 1992లోఁ బి. వి. నరసింహారావుగారు దానిని జాతి కంకితము చేసిరి.

వీనిలో నొక్కటియుఁ బురపాలక తీర్మానముచే వచ్చినది కాదు. పైఁగా రేవు, రైల్వే, నౌకాదళము, విశ్వవిద్యాలయము, ఉక్కునగరము తమ తమ సీమలలోఁ దామే వీథులు తీసికొని, తామే నీరు తెచ్చుకొని, తామే యింజనీర్లను నియమించుకొనినవి. 1901లో నలువదివేలున్న జనసంఖ్య 1951 నాఁటికి 1,08,042. 2011 లెక్కలలో మహానగరసీమయందు 17,28,128. జనము వచ్చినది కర్మాగారములకై. నివసించినది పురపాలక సంఘమునొద్ద. వారి చెత్త యెత్తుట సంఘము పని. వారిని రప్పించిన నిర్ణయము సంఘమునది కాదు.

భూవిభాగము మఱొక త్రోవఁ బోయెను. 1962లోఁ బట్టణనిర్మాణ ట్రస్టు ఏర్పడెను. 1975 నాఁటి నగరప్రాంతాభివృద్ధి చట్టము ననుసరించి 1978 జూను 17న విశాఖపట్టణ నగరాభివృద్ధి సంస్థ (వుడా) దాని స్థానమున వచ్చెను. 2018లో నదియే మహానగరప్రాంతాభివృద్ధి సంస్థ యయ్యెను. ఏ సర్వేనంబరు నివాసయోగ్యము, ఏది పారిశ్రామికము, ఏది హరితము అను బృహత్ప్రణాళికను రచించునది యీ సంస్థ. ఆ ప్రణాళికకు లోఁబడి యింటికి ననుమతి యిచ్చునది పురపాలక సంస్థ. సూత్రకారుఁ డొకఁడు, వృత్తికారుఁడు మఱొకఁడు అన్నట్లయినది. ఎం. వి. పి. కాలని యని నేఁడు జనులు పిలుచు విశాలమైన పేట వుడా నిర్మించినది. ఆ మూఁడక్షరములు మువ్వలవానిపాలెమను పల్లెపేరునకు సంక్షేపము. పల్లె పోయినది, పేరు పొడియక్షరములుగా మిగిలినది. నామశేషమను మాట కిది యక్షరాలా యుదాహరణము.

నియామకము

1979లో విశాఖపట్టణ మునిసిపాలిటి నగరపాలక సంస్థగా నుద్ధరింపఁబడెను. 1981లోఁ దొలి యెన్నికలు జరిగి ఎన్. ఎస్. ఎన్. రెడ్డిగారు మేయరైరి. పదవిగౌరవము పెరిగెను. నియామకాధికారము మాత్రము పెరుగలేదు. కార్యనిర్వాహకుఁడైన కమీషనరును రాష్ట్రప్రభుత్వమే నియమించును, ప్రభుత్వమే బదిలి చేయును. ఇంజనీర్లును, ఆరోగ్యాధికారులును, పట్టణనిర్మాణాధికారులును రాష్ట్రపు శ్రేణులనుండి వత్తురు. 2019 అక్టోబరు 2న వార్డు సచివాలయములు మొదలయ్యెను. వార్డు వార్డునకు వచ్చిన యా యుద్యోగులను రాష్ట్రప్రభుత్వమే పరీక్ష పెట్టి యెన్నుకొనెను. వీథులూడ్చు కార్మికులలోఁ బెక్కండ్రు పొరుగుసేవలవారు. వారికై 2020లో రాష్ట్రమొక ప్రత్యేక సంస్థ నేర్పఱిచెను. 2023 డిసెంబరు చివర రాష్ట్రమంతటఁ బారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేసినపుడు వారి కోరికలు వినవలసినది మేయరు కాదు, మంత్రులు.

ఇచట నొక పూర్వపక్షము గలదు. పట్టణసభలు కక్షలకుఁ బుట్టినిండ్లు. నియామకములు వారి చేతఁబెట్టినచో బంధుప్రీతి ప్రబలును. నౌకాశ్రయమును ఉక్కు కర్మాగారమును ఇండ్లపన్నుచే రావు. నదీపరీవాహము, రహదారి, గాలి పట్టణపు హద్దుల నెఱుఁగవు కావున ప్రణాళిక విస్తృతమైన సంస్థయొద్ద నుండుటయే మేలు. ఇది త్రోసివేయఁదగిన వాదము కాదు. ఉత్తరమేరూరు సభవారు లెక్క చూపనివానిని, వాని దగ్గఱి బంధువులను గూడఁ దొలఁగించిరనఁగా బంధుప్రీతిభయము వారికిని గలదు. అయితే వారు దానికిఁ జేసిన చికిత్స యేది? అధికారమును రాజున కొప్పగించుట కాదు. పదవీకాలమును గుదించుట, లెక్క యడుగుట. రోగమొకటే, చికిత్సలు రెండు.

కర్తృలోపము

2005 నవంబరు 21న గాజువాక పురపాలక సంఘమును, ముప్పదిరెండు గ్రామములను గలుపుకొని మహా విశాఖ నగరపాలక సంస్థ యేర్పడెను. 2007లో నెన్నికైన సభకు 2012లోఁ గాలము ముగిసెను. మరల నెన్నికలు జరిగినది 2021 మార్చిలో, తొంబదియెనిమిది వార్డులకు. నడుమ తొమ్మిదేండ్లు ప్రత్యేకాధికారుల పాలనము. కాలము తీఱకమున్నే యెన్నికలు ముగియవలెనని రాజ్యాంగము 1993 మొదలుకొని విధించుచుండఁగా నిట్లు జరిగెను.

ఆ తొమ్మిదేండ్లలో నేమి జరిగెనో కాలక్రమమునఁ జూతము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను పట్టణమును గూల్చెను, పునర్నిర్మాణము జరిగెను. 2016 జనవరిలో విశాఖపట్టణము స్మార్టు సిటీల మొదటి పట్టికలోఁ జేరెను. ఆ పనులకై యొక కంపెని పుట్టెను. 2018లో వుడా రూపాంతరము చెందెను. 2019లో సచివాలయముల నియామకములు జరిగెను. అభివృద్ధి, భూవిభాగము, నియామకము, మన మెంచుకొన్న మూఁడు క్రియలును జరిగినవి. సంఘము మాత్రము లేదు. వ్యాకరణమునఁ గర్మణిప్రయోగమందుఁ గర్త యనుక్తుఁడు; చెప్పఁబడకున్నను ఉండును. ఇక్కడ ననుక్తుఁడగుట కాదు, లోపించుటయే.

2020 మే 7వ తేదిని వేకువజామున ఆర్. ఆర్. వేంకటాపురమునందలి ఎల్. జి. పాలిమర్సు కర్మాగారమునుండి స్టైరీను వాయువు వెలువడెను. పండ్రెండుగురు మరణించిరి, వందలకొలఁది జనులు ఆసుపత్రులపాలైరి. ఇది 1961లో హిందూస్థాను పాలిమర్సు పేర స్థాపింపఁబడిన కర్మాగారమే. స్థాపించిననాఁడు అది పట్టణమునకు వెలుపలి గ్రామసీమ. పట్టణము దానిదాఁక నడచి వచ్చెను; ఇండ్లు గోడలకు నానుకొనెను. ప్రమాదమునకుఁ గారణములను విచారణసంఘములు వేఱుగా విచారించినవి; అది మన విషయము కాదు. మనకు వలసినది మఱొకటి. కర్మాగారమునకు స్థలమిచ్చినవారు ఒకరు. చుట్టునుఁ బ్రణాళిక గీచినవారు ఒకరు. ఇండ్ల కనుమతి యిచ్చినవారు ఒకరు. ఆ రాత్రి యచట నిద్రించినవారు వేఱొకరు. ఆ నిద్రించినవారి పక్షమున నీ యర్వది యేండ్లలో నెప్పుడైన నొక సభలో లేచి "ఇచట నిండ్లు వలదు" అనియో, "ఇచట కర్మాగారము వలదు" అనియో వాదించి తీర్మానింపఁజేయు నధికారము గలవాఁ డుండవలసియుండెను. భూవిభాగమనఁగాఁ బటముమీఁద రంగులు పూయుట కాదని విశాఖపట్టణము ప్రాణములిచ్చి నేర్చుకొనెను.

విధి, శక్యము

1992లోఁ జేయఁబడి 1993 జూను 1 నుండి యమలైన డెబ్బదినాల్గవ రాజ్యాంగసవరణమువలనఁ బండ్రెండవ యనుబంధము వచ్చెను. దానిలోఁ బదునెనిమిది విషయములు. మొదటిది పట్టణ ప్రణాళిక. రెండవది భూవినియోగ నియంత్రణమును భవననిర్మాణమును. మూఁడవది యార్థిక సాంఘికాభివృద్ధి ప్రణాళిక. మన మూఁడు క్రియలలో రెండు ఆ పట్టిక తలయందే యున్నవి. అయినను రాష్ట్ర శాసనసభ వానిని బురపాలక సంఘముల కొసఁగవచ్చును అని యచటి క్రియాపదము. ఒసఁగవలెను అని కాదు. లిఙ్ లకారమునకు విధి మొదలగు నర్థములను జెప్పిన పాణిని, శక్యర్థమును వేఱుగా విధించెను. ఈ రెండర్థముల భేదముపై విశాఖపట్టణ సంఘముయొక్క భాగ్యము నిలిచియున్నది. శక్యమును విధిగాఁ జదువుమని యెవ్వరిని నిర్బంధింపలేము. చదువవచ్చునని మాత్రము చెప్పవచ్చును.

ప్రేరితుఁడైనంతమాత్రమునఁ బ్రయోజ్యుఁడు కర్తృత్వమును గోల్పోఁడని వైయాకరణులు నిర్ణయించిరి. దేవదత్తుఁడు యజ్ఞదత్తునిచే వండించినను వండువాఁడు యజ్ఞదత్తుఁడే. వాఁడు నేర్పరియై యుండవలెను, అక్కడ నుండవలెను. 1865 నుండి నేఁటిదాఁక విశాఖపట్టణ సంఘము చాలవఱకుఁ బ్రయోజ్యకర్తయే. ప్రేరకులు మాఱిరి: గవర్నరు, రైల్వే, కేంద్రము, రాష్ట్రము. ప్రయోజ్యుఁడును లేకపోయిన తొమ్మిదేండ్లే యీ చరిత్రలో నన్నింటికంటె శోచ్యమైన భాగము. పూర్ణస్వాతంత్ర్యము సుదూరమైనను, సభ కూడుట, తీర్మానము వ్రాయుట, లెక్క చూపుట యను నీ మూఁడును ఎడతెగక జరిగినచోఁ గర్తృత్వము నిలుచును.

కడపట సాహిత్యపరిశోధకుల కొక విన్నపము. శిథిలమైన గుడిగోడపై నున్న దానశాసనము నచ్చొత్తి తీసికొనుటకు మనము క్రోశముల దూరము నడతుము. పురపాలక సంఘముల తీర్మాన పుస్తకములును శాసనములే. వానియందలి తెలుఁగు, వాని లెక్కలు, త్రోసివేయఁబడిన ప్రతిపాదనలు, సభ్యుల భిన్నాభిప్రాయములు మన చరిత్రకు మూలద్రవ్యము. తమ తమ పట్టణములలో నా పుస్తకములను జదివి, ప్రతులు తీసి, కాలక్రమముగాఁ బ్రకటించుట పాఠశాలా పండితులకు సాధ్యమైన పని. ఒక తీర్మానమునందుఁ గర్త యెవఁడో గుర్తించుట వ్యాకరణ మెఱిఁగినవానికిఁ గష్టము కాదు. విజ్ఞులు విచారింతురు గాక.